అరవని గ్రాఫిక్స్ కార్డు

బావ తన కంప్యూటర్‌కి, తెరమీద బొమ్మల్ని వేగంగా నడిపే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నప్పుడు పాతదాన్ని మరదలికిచ్చి, "పారేయడానికి మనసు రాలేదు, నువ్వు వాడుకో" అన్నాడు. ఇచ్చింది అక్క మొగుడు, ఆఫీసూ ఆయనదే కాబట్టి మరదలు థాంక్స్ చెప్పి, స్క్రూడ్రైవర్ వెతుక్కుని తన కంప్యూటర్‌లో తనే బిగించుకుంది. కొత్తదాన్ని బావ బిగించుకున్నాడు. మెకానిక్‌ని పిలుద్దామని అక్క అంటే, "ఈపాటి పనికి మెకానిక్ ఎందుకు?" అన్నాడు.

ఇంకా కట్టని ఇళ్లకు బొమ్మలు గీయడం ఆ ఆఫీసు పని. బిల్డర్లు ప్లాను ఇస్తే, గోడలూ మెట్లూ కిటికీలోంచి పడే ఎండతో సహా ఇంటిని కంప్యూటర్‌లో లేపి, అందులో నడుస్తున్నట్టు చూపిస్తారు. ఉన్నవి రెండు గదులు. లోపలి గదిలో బావా మరదలూ ఎదురుబొదురుగా కూర్చుంటారు. బయటి గదిలో అక్క ఫోన్లెత్తుతుంది, వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది, ఎవరు ఏం మాటిచ్చారో గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మలు చాలావరకు మరదలే గీస్తుంది. బావ వాటిని చూసి, సోఫా కాస్త ఎడమకి జరపమంటాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో బావ తన కార్డును పొగడని వారం లేదు.

"విన్నావా?" అనేవాడు.

మరదలు చెవులు రిక్కించేది. "ఏమీ వినబడట్లేదు బావా."

"అదే మరి. మంచి సరుకు అరవదు. నీదే, పాపం, పిండిమరలా మోగుతోంది."

నిజంగానే మోగేది. పెద్ద బొమ్మ ఏదైనా ఉంటే పాత కార్డు దాన్ని పూర్తి చేయడానికి గంట పైనే తీసుకునేది. అందుకని మరదలు అందరికంటే గంట ముందొచ్చి, బొమ్మను కంప్యూటర్‌కి అప్పగించి, కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేది. ఎవరితోనూ ఏమీ అనలేదు. అడగందే అమ్మయినా పెట్టదని ఆమెకు తెలుసు. అడిగితే బావ మొహం ఎలా ముడుచుకుంటుందో అదీ తెలుసు.

ఒక గురువారం పొద్దున అక్క లోపలి గదిలోకి వచ్చింది. శనివారం పెద్ద బిల్డరొకాయన వస్తున్నాడు, పన్నెండంతస్తుల భవనం కింద ఉండబోయే హాలును ఆయనకు చూపించాలి. బావ తన కంప్యూటర్‌లో ఆ హాలు తెరిచి నడిపించాడు. బొమ్మ రెండడుగులు వేసి ఆగింది. ఆలోచించుకుని మళ్లీ రెండడుగులు వేసింది.

"ఏవండీ, దీనికి నడుం పట్టేసిందా?" అంది అక్క.

"ఫైలు బరువు."

"నిన్న దీని దాంట్లో బాగానే నడిచింది కదా?" అని అక్క చెల్లెలి వైపు చూపించింది.

"ముసలి కార్డు. అదేం నడుస్తుంది?"

"అయితే రెండూ చూద్దాం. ఏది బాగా నడిస్తే అదే శనివారం బిల్డర్ ముందు పెడదాం."

బావ జాలిగా ఒప్పుకున్నాడు. మరదలు రెండు కంప్యూటర్లలోనూ మిగతావన్నీ మూసేసి, ఒకే ఫైలు తెరిచింది. నడక కూడా ఒకటే, వాకిలి నుంచి లిఫ్టు దాకా. తెర మూలన ఒక అంకె కనబడుతుంది. బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతోందో ఆ అంకె చెబుతుంది. ఎంత ఎక్కువైతే నడక అంత సాఫీ. అక్క ఒక పాత కవరు వెనక రెండు గళ్లు గీసుకుని నిలబడింది.

మరదలి దానికి ముప్పై ఎనిమిది వచ్చింది. బావ దానికి పదకొండు.

"మళ్లీ చూడు," అన్నాడు బావ.

మళ్లీ పదకొండే. ఎండకి వేడెక్కిందని బావ కర్టెను లాగాడు. పది వచ్చింది. కర్టెను తీసేశాడు. కంప్యూటర్ ఆపి, వేశాడు. ప్లగ్గు మార్చాడు. పదకొండు. అక్క అన్నీ రాసుకుంది.

మరదలికి సంతోషం రావాలి గానీ రాలేదు. కొత్తది పాతదానికన్నా మూడు రెట్లు వెనకబడిందంటే ఎక్కడో పొరపాటుంది. పొరపాటున్న గెలుపు ఆమెకు రుచించలేదు. ఫోన్ లైటు వేసుకుని బావ బల్ల వెనక్కి దూరింది.

"బావా, తెర వైరు ఎక్కడ పెట్టారు?"

"పెట్టాల్సిన చోటే. సరిగ్గా పట్టింది."

"రెండు చోట్ల పడుతుంది. పైనున్నది కంప్యూటర్‌ది, కిందున్నది కార్డుది. మీరు పైన పెట్టారు."

"పెడితే?"

"పెడితే బొమ్మంతా కంప్యూటరే తంటాలుపడి గీసుకుంటుంది. కార్డుకి పని తగలదు."

"ఎప్పటినుంచి?" అంది అక్క.

"బిగించిన రోజు నుంచి."

గదిలో పాత కార్డు చప్పుడొక్కటే వినబడుతోంది.

"అంటే ఎనిమిది నెలలుగా అది కొత్తల్లుడిలా కూర్చుని ఉంది," అంది అక్క. ఆ ఇంటికి అల్లుడు బావే.

మరదలు వైరు తీసి కింద గుచ్చి హాలు తెరిచింది. పెట్టెలోంచి రయ్యిమని గాలి శబ్దం లేచింది. బావ ఒకడుగు వెనక్కేసి, "ఏదో అయింది, ఆపు" అన్నాడు.

"పని చేస్తోంది బావా."

నూట నలభై రెండు వచ్చింది. నడక నీళ్లమీద పడవలా సాగింది. బావ మొహంలోకి మెల్లిగా రంగొచ్చింది. "చెప్పానా? మంచి సరుకని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

అక్క ఆ అంకె కూడా రాసుకుని, కవరు కాసేపు చూసింది. "మంచి సరుకే. చెల్లికిచ్చేయండి."

"మరి నాకు?"

"పాతది. ఎనిమిది నెలలు కార్డు లేకుండానే మీకు అద్భుతంగా ఉంది కదండీ."

బావ మరదలి వైపు చూశాడు. 'వద్దులే అక్కా, ఆయన్నే ఉంచుకోనీ' అనాల్సిన చోటు అది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నాకు కావాలి బావా. ఆ పాతదాని కోసమే రోజూ గంట ముందొస్తున్నాను."

"ఇల్లు దగ్గరని వస్తున్నావనుకున్నాను," అన్నాడు బావ. "చెప్పలేదేం?"

"చెప్పాల్సింది."

బావ సొరుగు లాగి స్క్రూడ్రైవర్ తీశాడు. మధ్యాహ్నానికి కార్డులు చోట్లు మారాయి. ఈసారి వైర్లు మరదలు పెట్టింది. బావ పాత కార్డుతో హాల్లో రెండుసార్లు నడిచి చూసుకుని, "ఇదీ తీసిపారేసేదేం కాదు, ఇదివరకటికన్నా సాఫీగానే ఉంది" అన్నాడు. అది నిజమే కాబట్టి ఎవరూ నవ్వలేదు. అక్క మాత్రం ఫోనొచ్చినట్టు బయటి గదిలోకి వెళ్లిపోయింది.

శనివారం బిల్డర్ మరదలి తెర ముందు కూర్చుని హాలంతా తిరిగాడు. లిఫ్టు దగ్గర ఆగి, నడిమధ్యన ఉన్న స్తంభం అడ్డంగా ఉంది, తీసేస్తే ఎలా ఉంటుందన్నాడు. బావ గొంతు సవరించుకున్నాడు. తీయొచ్చో లేదో భవనం కట్టే ఇంజనీరుగారినే అడగాలంది అక్క. ముందు చూడనివ్వండి అన్నాడు బిల్డర్.

మరదలు స్తంభం తీసేసింది. తెరలో, పైన పన్నెండంతస్తులూ అలాగే నిలబడి ఉన్నాయి.