ఏడో తరగతి దారాలు

పాఠం మొదలైన కాసేపటికి పిల్లల నుదుటి నుంచి ధ్యాస సన్నటి దారంలా బయటికొచ్చి టీచరు వైపు సాగేది. ప్రతి సోమవారం సైన్స్ టీచరు స్టీలు స్కేలుతో ఆ దారాల పొడవు కొలిచి రిజిస్టరులో రాసేది. హాజరు వేసుకోవడం లాగే అదీ బడిలో ఒక పని.

ఒకప్పుడు వెనక బెంచీ దారాలు కూడా బోర్డును తాకేవి. ఈ ఏడాది మొదట్లో కాస్త తగ్గాయి. ఆవిడ కంగారుపడి రోజూ కొలిచింది. ఇంకా తగ్గాయి. ఇప్పుడు మొదటి బెంచీవి కూడా జానెడు దాటడం లేదు.

"వచ్చే సోమవారానికి మూరెడైనా చూపించకపోతే ఏడో తరగతిని టీవీ పాఠాలకి అప్పగించేస్తాం మేడమ్. మీరు ఆఫీసులో ఫైళ్ళు చూసుకుందురుగాని" అన్నాడు ప్రిన్సిపాల్.

పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలోనే గొంతు అరగదీసుకున్న మనిషి. ఏడుపొచ్చింది, ఆపుకుంది.

దారాలు ఊరికే కురచ కావు. ఎవరో తెంపుతున్నారు. ఆ ఆలోచన పుట్టాక ఆవిడకి లోకమంతా దొంగలే. డ్రాయింగు మాస్టారి జేబులో కత్తెర ఎందుకు? గంట కొట్టే ఆయన సరిగ్గా ఈ కిటికీ దగ్గరే ఎందుకు దగ్గుతాడు? "పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి కదే" అన్నందుకు సొంత మొగుణ్ణి కూడా ఓ కంట కనిపెట్టింది. పీరియడుకు మూడుసార్లు కొలవసాగింది.

చివరికి అనుమానం ఆయమ్మ మీద గట్టిపడింది. ఊడ్చి వెళ్తూ రోజూ సంచీలో ఏదో దాచుకుపోతోంది. గురువారం సాయంత్రం టీచరు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏముంది అందులో?"

"దారాలమ్మా. నేల మీద పడుంటాయి. చెత్తలో పారేయడానికి మనసొప్పక ఉండ చుడుతున్నాను."

"దొరికావు! ఎన్నాళ్ళ నుంచి తెంపుతున్నావు?"

ఆయమ్మ మొహం కందిపోయింది. "నేనొచ్చేసరికి పిల్లలు ఇళ్ళకి పోతారు. ఖాళీ బెంచీల్లో ఎవరివి తెంపుతానమ్మా?" సంచీలోంచి ఒక దారం తీసి కొస చూపించింది. "ఎంత నున్నగా తెగిందో చూడండి. ఇది చేత్తో తెంపింది కాదు. రోజూ దీనికి ఆనించి ఏం పెడుతున్నారో మీరే చెప్పండి."

టీచరు స్కేలు అంచు మీద బొటనవేలు పెట్టి లాగింది. ఎర్రటి చుక్క పొడుచుకొచ్చింది. వారానికోసారి తెగితే మళ్ళీ పెరిగేవి. పీరియడుకు మూడుసార్లు తెగితే ఎక్కడ పెరుగుతాయి?

"తప్పు నాదే ఆయమ్మా" అంది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

సోమవారం ఆవిడ స్కేలు ముట్టుకోలేదు.

"కొలవరా టీచర్?"

"కొలవను."

ఇదేదో కొత్తరకం పరీక్షేమోనని పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఆవిడ దారి తప్పిన చీమ గురించి చెప్పసాగింది. గంట కొట్టేదాకా చెప్పింది. దారాల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ప్రిన్సిపాల్ రిజిస్టరులో ఖాళీ గడి చూశాడు. "అంకె లేదంటే దాచారన్నమాట" అన్నాడు. మర్నాటికల్లా ఏడో తరగతి గోడకి టీవీ బిగించారు.

మంగళవారం ఆవిడ ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చుని ఫైళ్ళకి నంబర్లు వేస్తోంది. పదింటికి తలుపు కింద నుంచి ఒక దారం లోపలికొచ్చింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే ముప్ఫై ఒకటి, తరగతిలో ఎంతమంది పిల్లలో అన్నీ. రెండంతస్తుల మెట్లు దిగి, వరండా అంతా దాటి వచ్చి ఆవిడ చేతి చుట్టూ చుట్టుకున్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ చెయ్యి కదపలేదు.

"ఇందులో ఏదో మోసం ఉంది" అంటూ ప్రిన్సిపాల్ సొరుగులోంచి స్కేలు తీశాడు.

ఆవిడ రెండో అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు సార్, తెగుతాయి. కావాలంటే నన్ను తీసేయండి."

ఆయన దారాలను చూశాడు, ఆవిడను చూశాడు, తలుపు తీసి వరండా చివరిదాకా చూశాడు. తిరిగొచ్చి ఆవిడ ముందున్న ఫైలు తన వైపు లాక్కున్నాడు.

"పైకి వెళ్ళండి మేడమ్" అన్నాడు. "మెట్ల మీద జాగ్రత్త, దారాలు తొక్కకండి."