మరియమ్మ చిటికెన వేలు

టై ముడి ఎడమకి జారింది, పొద్దున నేనే సరిచేశాను, బస్సులో మళ్ళీ లాక్కుని ఉంటుంది, మెడకి ఏదైనా బిగుతుగా ఉంటే ఓర్చుకోలేదు చిన్నప్పటి నుంచీ, ఇక్కడి నుంచి సైగ చేస్తే సర్దుకుంటుందేమో, సర్దుకోదు, నిన్న సాయంత్రం నుంచి నా వైపు చూడటమే మానేసింది, పైగా టీచర్ల వరసలో నిలబడి సైగలు చేస్తే గంట సిస్టర్ కంట్లో పడతాను, ఆవిడ ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడే ఎక్కువ చూస్తుందని పిల్లలు అంటారు, ప్రిన్సిపాల్ అయ్యాక కూడా ఉదయం గంట ప్యూనుకి వదలకుండా తనే కొట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు, పరలోక జపం మా తప్పులు మన్నించమనే చోటికి వచ్చింది, ఆ చోట స్కూలంతటి గొంతూ ఓ మెట్టు దిగుతుంది, ఎందుకో తెలియదు, నేను ఇక్కడ చదువుకున్న రోజుల్లోనూ దిగేది, లెక్కల టీచరుగా వచ్చాకా దిగుతూనే ఉంది, మా అమ్మాయి పెదవులు మాత్రం కదలడం లేదు, వేదిక మెట్ల పక్కన దాన్ని ఒక్కదాన్నే నిలబెట్టారు, విన్నపం చేసే పిల్లలు నిలబడే చోటు అది, ఎంతమంది కాళ్ళు రాసుకున్నాయో, అక్కడ సిమెంటు నున్నబడిపోయింది.

విన్నపం అంటే బయటివాళ్ళకి వెంటనే అర్థం కాదు, అడ్మిషన్ రోజు తల్లిదండ్రులకి మేం చెప్పేటప్పుడు ఎంతో అందంగా ఉంటుంది, తప్పు చేసిన పిల్ల అసెంబ్లీలో వేదిక ఎక్కి ఫలానా తప్పు నేను చేశాను, క్షమించండి అంటుంది, కింద ఒకటో తరగతి పిల్లల నుంచి టీచర్ల దాకా అందరం ఒకే గొంతుతో క్షమించాం అంటాం, అంతే, టీసీ ఇచ్చి పంపేయడాలు ఉండవు, ఆ మాట అయ్యాక ఆ సంగతి ఇంకెవరూ ఎత్తకూడదు, తరగతిలో గానీ ఇంట్లో గానీ, ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పు, వింటూ వింటూ కొందరు తల్లులు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు, ఎంత మంచి స్కూలు అంటారు, మొదటి మదర్ పెట్టిన పద్ధతి ఇది, వరండాలో ఆవిడ ఫొటో ఉంది, మొహం గోధుమ రంగుకి తిరిగి ఎవరి మొహమో అన్నట్టు అయిపోయింది, రేకుల షెడ్డులో బడి నడిచే రోజుల్లో హాస్టల్ పిల్ల ఒకతి గోడ దూకి పారిపోయి, కొన్నాళ్ళకి జ్వరంతో వచ్చి గేటు దగ్గర కూలబడిందట, మదర్ పల్లెత్తు మాట అనకుండా పిల్లలందర్నీ నిలబెట్టి ఆ ఒక్క మాట అనిపించి లోపలికి తీసుకుందట, స్థాపన దినం నాడు ఏటా ఆ నాటకం వేయిస్తాం, ఓ ఏడాది ఆ పారిపోయిన పిల్ల వేషం నాదే, దుప్పటి కప్పుకుని వణుకుతుంటే ముందు వరసలో ఫాదర్ ముక్కు చీదుకున్నారు, కథ మంచిదే, కాదని ఎవరంటారు, కాకపోతే ఆ కథలో పిల్ల నిజంగానే గోడ దూకింది.

మా అమ్మాయి ఏ గోడా దూకలేదు, గుహలో మరియమ్మ విగ్రహానికి చిటికెన వేలు విరిగి కింద పడి ఉంటే తీసి సంచిలో వేసుకుంది, గుహ అంటే ఆటస్థలం చివర రాళ్ళు పేర్చి కట్టిన చిన్న కట్టడమే, విగ్రహం మాత్రం మదర్‌తో పాటు ఓడలో వచ్చిందంటారు, త్రోబాల్ ప్రాక్టీసు అయ్యాక పిల్లలంతా కుళాయి దగ్గరికి పరిగెత్తితే ఇది ఒక్కతే గుహ వైపు వెళ్ళడం ఈల మాస్టారు చూశాడు, ఆటల మాస్టారు, మెడలో ఈలతోనే పుట్టాడంటారు ఆయన్ని, మర్నాడు విగ్రహం చేతికి వేలు లేకపోవడం చూసి సంచులు వెతికితే దీని సంచిలో రుమాల్లో చుట్టిన వేలు దొరికింది, ఎందుకు తీశావంటే అతికిద్దామని, ఎవరైనా తొక్కితే పొడైపోతుందని, ఇంట్లో మంచి జిగురు ఉందని అంది, మరి ఎవరికీ చెప్పలేదేం అని గంట సిస్టర్, చెప్తే నేనే విరగ్గొట్టానంటారుగా, ఇప్పుడు అంటున్నట్టే, అని ఇది, దీని నోరే అంత, నిజం చెప్పినా పొగరు చూపించినట్టు ఉంటుంది, సిస్టర్ దానితో వాదించలేదు, నా వైపు తిరిగి, టీచర్, మీరు మా పిల్ల, మీ పిల్లా మా పిల్లే, పవిత్రమైన వాటి జోలికి వెళ్తే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, రేపు విన్నపం చేయిస్తే రేపటితో పోతుంది, లేదంటే టీసీ ఇవ్వక తప్పదు, పదో తరగతి మధ్యలో ఎవరు చేర్చుకుంటారో మీరే ఆలోచించుకోండి అంది, ఆవిడ చెడ్డ మనిషి కాదు, వచ్చిన చిక్కే అది, చెడ్డదైతే మొహం మీద నాలుగు మాటలు అనేసి వచ్చేదాన్ని, మా ఆయన పోయినప్పుడు చుట్టాలంతా మెల్లగా జారుకున్నాక కూడా మాకు కాన్వెంట్ నుంచి రెండు పూటలా క్యారియర్ పంపిన మనిషి ఆవిడ, జావ చల్లారకుండా గుడ్డ చుట్టి పంపేది, ఆ గుడ్డ ముడి విప్పిన చేతులతో ఆవిడకి ఎదురు తిరగడం నా వల్ల కాలేదు.

గిన్నెలు తోముతూ చెప్పాను దీనికి, మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక, ఒక్క మాటే కదే, అనేసి దిగిపో, ఇంకెవరూ జన్మలో ఎత్తరు, వంటింటి గుమ్మంలో నిలబడి అంది, ఎత్తరు కాబట్టే అమ్మా, నేను చెయ్యలేదని నేను కూడా ఎత్తకూడదు కదా ఇంక, నీళ్ళు పారుతున్నాయి, గిన్నె చేతిలోనే ఉంది, కడిగిందే మళ్ళీ కడుగుతున్నాను, నువ్వు నమ్ముతున్నావా లేదా, అదొక్కటి చెప్పు చాలు అంది, నమ్మడం గురించి కాదే ఇప్పుడు, ముందు పరీక్షలు గట్టెక్కాలి, అన్నాను, అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి, నా తరగతిలో ఏ పిల్లయినా ఇలాంటి జవాబు రాస్తే నిలువునా కొట్టేసి సున్నా పెడతాను, నమ్ముతున్నాను అని ఎందుకు రాలేదు నోటికి, నమ్మాను, నమ్ముతున్నాను, రుమాల్లో ఆ వేలు చుట్టిన తీరు చూసిన ఏ తల్లైనా నమ్ముతుంది, పురిటి బిడ్డని చుట్టినట్టు చుట్టింది, కానీ నమ్ముతున్నానంటే ఆ తర్వాత మెట్లెక్కమని ఎలా చెప్పగలను, అందుకని మింగేశాను, సరే, నీకోసం అంటాలే, అంది, అలగలేదు, పెట్టింది తిన్నది, కంచం కడిగి బోర్లించింది, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది, చిన్నప్పుడు చెప్పిన మాట వినదని అందరితోనూ చెప్పి వాపోయేదాన్ని, చెప్పిన మాట వినే పిల్ల ఇంట్లో ఉంటే ఇలా ఉంటుందా అనుకున్నాను.

పాట మొదలైంది, హార్మోనియం టీచర్ ఇవాళ శ్రుతి ఎక్కువ పెట్టింది, చిన్నపిల్లల గొంతులు కీచుమంటున్నాయి, మా అమ్మ అయితే చెవులు మూసుకునేది, అమ్మ కాన్వెంట్‌లో బట్టలకి ఇస్త్రీ చేసేది, సిస్టర్ల తెల్ల అంగీలు, ఫాదర్ పూజ వస్త్రాలు, బడి వదిలాక నేను బొగ్గులు రాజేసి ఇస్త్రీపెట్టెలో పోసేదాన్ని, అందుకే ఎప్పుడూ నా గోళ్ళలో నలుపు, అందుకే చాపెల్ వెనక గోడ మీద ఎవరో బొగ్గుతో ఫాదర్ బొమ్మ గీసి కొమ్ములు పెడితే చూపులన్నీ నా గోళ్ళ మీదకి వచ్చాయి, అప్పుడు అమ్మ కూడా ఇదే మాట అంది, అనెయ్యవే తల్లీ, మన పొట్ట వీళ్ళ దగ్గరుంది, నీ సొమ్మేం పోతుంది అని, వేదికెక్కి నేనే గీశానన్నాను, స్కూలంతా క్షమించాం అంది, అంతమంది ఒక్కసారి అంటే గుండె మీద తలుపు వేసినట్టు ఉంటుంది, నిజంగా ఎవరూ ఎత్తలేదు, నాతో గీతలాట ఆడారు, తిండి పంచుకున్నారు, అమ్మ పోయేదాకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, మా ఆయనకి కూడా చెప్పలేదు, రానురాను ఏమైందంటే, ఆ గోడ ముందు నేను కూర్చున్నట్టు, ఎడమ కొమ్ము గీసి, బాగా రాలేదని మళ్ళీ దిద్దినట్టు గుర్తు రావడం మొదలైంది, బొగ్గు గరగరలాడటం కూడా గుర్తుంది, గీయలేదని తెలుసు, గీసినట్టు గుర్తుంది, ఈ వయసులో ప్రమాణం చేయమంటే దేని మీద చెయ్యి వేసి ఏం చెప్పాలో నాకే తెలియదు.

పాట అయిపోయింది, పుట్టినరోజు పిల్లలకి చప్పట్లు కూడా అయిపోయాయి, సిస్టర్ మైకు మీద వేలితో తట్టింది, మా అమ్మాయి మెట్లెక్కుతోంది, సాక్సు ఒకటి కిందికి జారింది, ఇప్పుడు నేను వరస దాటి ముందుకి వెళ్తే ఏమవుతుంది, సిస్టర్, ఇది చెయ్యలేదండీ, నాకు తెలుసండీ, ఇంతే కదా, ఇంత చిన్న వాక్యానికి ఇంత మంది ముందు ఎంత చోటు కావాలి, పక్కన సైన్స్ టీచర్ నా భుజం మీద చెయ్యి వేసింది, ఓదార్చడానికే వేసింది పాపం, ఆ చెయ్యి బరువుకి కదల్లేకపోయానని తర్వాత అనుకుంటానేమో, అబద్ధం, చెయ్యి తేలిగ్గానే ఉంది, కాళ్ళు నావే, వెళ్ళనిది నేనే, మరియమ్మ వేలు విరగ్గొట్టాను, క్షమించండి, అంది మైకులో, గొంతు వణకలేదు, ఇంట్లో పాలు పొంగుతున్నాయమ్మా అని చెప్పినట్టే చెప్పింది, స్కూలంతా ఊపిరి పీల్చుకుంది, ఆ పీల్చుకునే చప్పుడు నాకు బాగా తెలుసు, నోరు మూసుకుని ఉండాలని పళ్ళు బిగించాను, బిగించాననే అనుకున్నాను, క్షమించాం, ఎవరిదో గొంతు అందరికంటే అర క్షణం ముందు లేచింది, గట్టిగా, తరగతిలో ఎక్కాలు అందించే గొంతు, ఈ స్కూల్లో చదువుకున్నన్నాళ్ళూ, పాఠాలు చెప్పినన్నాళ్ళూ ప్రతి విన్నపానికీ అలా ముందు అందించి అలవాటు పడిన గొంతు, నాది.

అప్పుడు చూసింది నా వైపు, నిన్నటి నుంచి చూడనిది, ఇంతమంది గొంతుల్లో నా గొంతు పోల్చుకోవడం దానికి కష్టమా, కోపంగా చూడలేదు, ఏడవలేదు, ఓహో అన్నట్టు చూసింది, చూసి, మెట్లు దిగి తన వరసలోకి వెళ్ళి నిలబడింది, పక్క పిల్ల దాని చెయ్యి పట్టుకుంది, అందరూ మంచివాళ్ళు, ఎవరూ ఒక్క మాట అనరు దీన్ని, సిస్టర్ గంట కొట్టింది, వరసలు కదులుతున్నాయి, సాయంత్రం బస్సులో నా పక్కనే కూర్చుంటుంది, రేపు పరీక్షకి లెక్కలు చెప్పమంటుంది, ఎప్పటిలాగే ఉంటుంది, స్కూలు ఏమన్నా అది ఓర్చుకునేది, ఓర్చుకోవడానికే మెట్లెక్కింది నాకోసం, కానీ చెయ్యలేదని నమ్మిన మనిషి క్షమించదు కదా, క్షమించడానికి ముందు చేసిందని ఒప్పుకోవాలి కదా, నేను ఒప్పుకున్నాను, దాని కళ్ళ ముందే, అందరికంటే ముందు, ఇక ఎప్పుడో ఒకనాడు అది ఎవరో ఒకరికి ఆ పని నేను చెయ్యలేదని చెప్పుకుంటుందేమో, స్నేహితురాలికో, కట్టుకున్నవాడికో, చెప్పుకోవాలి కూడా, నాకు మాత్రం చెప్పదు.