గట్టు మీద అడిగే మాట

చేను ఆసామి నాగన్న గుప్పిలి విప్పాడు. అందులో రాలిన పత్తి పిందెలు, గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయి ఉన్నాయి.

"చూడు వెంకటమ్మా! చేను చేనంత గిట్లనే రాలిపోతుంది."

పొద్దు బారెడెక్కింది. మానవపాడు అవతల విత్తనాల కోసం వేసిన సీడు పత్తి చేను గట్టు మీద ఆడకూలీలు మగపూల బుట్టలతో నిలబడి ఉన్నారు. ముందురోజు రేకలు ఒలిచి పెట్టిన ఒక్కో ఆడపువ్వుకూ మర్నాడు ఎండ ముదరకముందే చేత్తో మగపువ్వు రుద్దాలి. ఆలస్యమైతే ఆ పూత మట్టిపాలే.

ఆ కూలీలకు పెద్ద వెంకటమ్మ. ఎవరు ఏ సాలు పట్టాలో ఆమే చెబుతుంది. చేన్లోకి దిగేముందు రోజూ ఒక మాట అడగడం కూడా ఆమె పనే. "ఎవరన్న బయటున్నరానే?" ముట్టులో ఉన్న మనిషి చెయ్యి తగిలితే పూత నిలవదని అక్కడి నమ్మకం. ఔనన్న మనిషి అట్నుంచి అటే ఇంటికి పోవాలి, ఆ రోజుల కూలి వదులుకోవాలి. ఈడొచ్చినప్పటి నుంచి వెంకటమ్మ కూడా అలాగే పోయింది. ఇంట్లో గింజలు నిండుకున్నా, చేనుకు మేలు చేస్తున్నానని తృప్తి పడింది.

"ఎవతో అబద్ధమాడి దిగింది. నీకు తెల్వకుండ ఉండదు. పేరు చెప్పు. దాన్ని ఈ ఊర్ల ఏ చేన్లకూ రానియ్య" అన్నాడు నాగన్న.

వెంకటమ్మకు తెలుసు. మొన్న అబద్ధమాడింది తన చెల్లెలి కూతురు అర్చన. మొగుడు బెంగళూరు పనికి పోయి పత్తా లేడు. చంటిదానికి జ్వరం, దవాఖానకు చేతిలో పైసా లేదు. పని దిగాక వెంకటమ్మను పక్కకు పిలిచి ఏడ్చింది. "నా పాపానికి పూత రాలితే ఎట్ల పెద్దమ్మా?" వెంకటమ్మ ఓదార్చలేదు. ఆమెకూ అదే భయం, ఆ పిల్ల మీద కోపం కూడా.

ఇప్పుడు అర్చన పక్కనే నిలబడి ఉంది. చేతిలో బుట్ట కింద పెట్టేసింది. అడుగు ముందుకు వేసి నేనే అనబోతోందని వెంకటమ్మకు అర్థమైంది. ఈ భయాన్ని ఈ పిల్లకు నూరిపోసింది ఎవరు? తనే కదా. నమ్మకం నా ఇంట్లో ముచ్చట, దాంతో ఎవరికేం నష్టం అనుకుంది ఇన్నాళ్లూ. అదే ఇవాళ ఆ పిల్ల నోటికాడి కూడు లాక్కోబోతోంది.

ఆమె చెయ్యి చాచి అర్చనను వెనక్కి నెట్టింది.

"పటేలా, పైమడిల మా పని అయిపోయి వారమాయె. మొన్న ఎవ్వరం గాడ కాలు పెట్టలే. గాడ గూడ రాలినయ్ గద!"

నాగన్న గుప్పిట్లో పిందెలు కింద పారేశాడు.

"రెండు పురుగుమందులు కలిపి మిట్టమధ్యాహ్నం చేనంత కొట్టింది నువ్వే. మేమంత చూసినం. డబ్బాలు ఇంక గట్టు మీదనే ఉన్నయ్."

"మందుల దుకాణపోడు కొట్టమన్నడు, కొట్టిన!" నాగన్న అరిచాడు. "ఇయాల కంపెనీకి విత్తనం కొనే ఆర్గనైజర్ వస్తుండు. మందెక్కువైందంటే నా విత్తనం తీస్కోడు. ఎవరిదో ఒకరి తప్పు చూపియ్యాలె గద!"

దుకాణదారును అడగలేడు, ఆర్గనైజరుకు ఎదురు చెప్పలేడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది ఆయన వరస. ఆయనదీ పీక మీద కత్తి ఉన్న బతుకే, కాదనలేం. అయినా ఆ కత్తి అర్చన మెడ మీదికే తిప్పుతున్నాడు.

"గా తప్పు ఆడిదాని ఒంటి మీదనే ఎందుకుండాలె?" అంది వెంకటమ్మ.

వెనకనున్న కూలీల్లోంచి లలితమ్మ ఆమె కొంగు లాగింది. "అక్కా, జర ఊకో. ఒక్క పేరు చెప్తే మిగిలినోళ్లం పని చేస్కుంటం. మా పొట్టలు కొట్టకు."

ఆ మాట నాగన్న మాటల కంటే గట్టిగా తగిలింది. లలితమ్మనూ తప్పుపట్టలేదు వెంకటమ్మ. నిన్నటిదాకా తనూ అదే మనిషి.

నాగన్నకు సందు దొరికింది. "సరే. రోజూ అడిగే మాట నా ముంగట అడుగు. ఒక్కొక్కతిని అడుగు. అడగకుంటే ఎవ్వరూ చేన్లకు దిగొద్దు."

వెంకటమ్మ ఆడవాళ్ల ముఖాలు చూసింది. కొందరు తల దించుకున్నారు, కొందరు కోపంగా చూశారు. నాలుక చివరికి అలవాటుగా వచ్చిన మాటను మింగేసింది.

"అడగ" అంది.

గట్టు మీద చతికిలబడింది. అర్చన వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మిగతావాళ్లు కూర్చోలేదు, చేన్లోకీ దిగలేదు. లలితమ్మ చంకలో బుట్ట అలాగే ఉంది. అందులో పూల రేకలు అంచుల నుంచి ముడుచుకుంటున్నాయి. నాగన్న ఒకసారి సూర్యుడి వైపు, ఒకసారి దారి వైపు చూశాడు. దారి మీద దుమ్ము లేచింది. ఆర్గనైజర్ జీపు వస్తోంది.