దొరల రాళ్లకు సున్నం

మూడో గోరీ చుట్టూ ఊడుస్తూ దేవయ్య ఆగి, ఛాతీ మీద అరచెయ్యి ఆనించుకున్నాడు. నొప్పి వచ్చింది, కాసేపు నిలబడింది, పోయింది. మళ్లీ చీపురు ఆడించాడు.

ఒమాన్‌లో ఖురియాత్ ఊరి వైపు, కొండకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న చిన్న ఇసుక తీరం అది. పడవ మీద తప్ప రాలేరు. మూడు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషువాళ్ల గోరీలు ఏడున్నాయి. వారానికి రెండు రోజులు వాటిని ఊడ్చే డ్యూటీ పన్నెండేళ్లుగా దేవయ్యది. ఎండకు కమిలిన మెడ, సిమెంటు తిన్న వేళ్లు, చెవికి ఊళ్లో పెట్టించుకున్న పోగు. కరీంనగర్ వదిలి ఇరవై రెండేళ్లయింది.

ఇప్పుడతనికి కావలసింది ఒక్కటే, క్యాన్సిల్ కాగితం మీద సూపర్‌వైజర్ సంతకం. వీసా క్యాన్సిల్ అయితే ఇంటికి పోవచ్చు. పోయినేడు రూమ్‌లో పక్క మంచం మీది జితేందర్ నిద్రలోనే పోయాడు. పీనుగ పంతొమ్మిది రోజులు ఆస్పత్రి చల్లగదిలో ఉండి, సామాన్లతో పాటు పెట్టెలో ఊరికి పోయింది. ఆ పెట్టె గుర్తొస్తే దేవయ్యకు ముద్ద దిగదు. ప్రాణంతో పోవాలి, అంతే.

సూపర్‌వైజర్ అఖీల్ పొద్దున్నే మెలిక పెట్టాడు. లండన్ నుంచి ఒక పెద్దమనిషి ఓడ కెప్టెన్‌గా చేసిన తన వంశపు తాత గోరీ చూడటానికి వస్తున్నాడట. అతను సంతోషపడితే ఇవాళే సంతకం, లేకుంటే ఇంకో ఏడాది.

పదకొండింటికి పడవ వచ్చింది. ఎర్రగా కాలిన దొర ప్యాంటు మడిచి దిగాడు. వెనక అఖీల్, దారి చూపే ఒమానీ అమ్మాయి జువేరియా. దొర పూర్వీకుల సాహసాలు చెబుతుంటే ఆమె దేవయ్యకు హిందీలో విప్పి చెప్పింది. ఆ దేశంలో భూమంతా పెద్ద కొడుక్కేనట. ఏమీ దక్కని చిన్న కొడుకులు ఓడలెక్కారట. గొర్రెల కోసం పొలాలకు కంచెలు వేస్తే కూడు పోయినవాళ్లూ ఎక్కారట. డబ్బున్నవాళ్లు కూడి కంపెనీ పెట్టారట. దిగిన చోటల్లా మొదట సరుకు పెట్టుకోను ఒక గది అడిగారట. ఆ తరవాత గదికి గోడ, గోడ మీద ఫిరంగి, ఫిరంగి చూపించి పన్ను.

"అంటే గీళ్లు గూడ బతకవచ్చినోళ్లే," అన్నాడు దేవయ్య. "మరి వీళ్లకు వీసా ఎవలిచ్చిండ్రు బిడ్డా? మేం గది అడిగితె ఒక్కదాంట్ల పదిమందిని పండవెట్టిండ్రు."

జువేరియా నవ్వు ఆపుకుంది.

ఇంతలో దొర గోరీల ముందు నిలబడిపోయాడు. ఏడు రాళ్లూ ఏడు సున్నపు ముద్దలు. కరీంనగర్‌లో దేవయ్య వాడవాళ్లు దీపావళికి పెద్దల గోరీలకు సున్నం వేసి, దీపాలు పెట్టి, వండినవి పెడతారు. సున్నం లేని గోరీ దిక్కులేనిదానిలా ఉంటుంది. ప్రేమ ఉండి కాదు, చెయ్యి ఊరుకోక, ఏటా స్టోరులో మిగిలిన సున్నం తెచ్చి ఒక పూత వేశాడు. పన్నెండు పూతల కింద చెక్కిన పేర్లన్నీ పూడిపోయాయి. చదువు లేని దేవయ్యకు అవి రాతి మీది పగుళ్లే.

రెండు నెలల కిందటే ఈ పనికి వచ్చిన అఖీల్ వాటిని చూడటం అదే మొదలు. 

"దేవన్నా, పేర్లేవి?" అన్నాడు పళ్ల బిగువున.

గీకితే రాయే పెళ్లలుగా ఊడుతుందని జువేరియా అంది. దొర రాయి నుంచి రాయికి తిరిగాడు. ప్రపంచంలో ఎన్ని ఊళ్లకో తన పేర్లు తగిలించిన జాతి, ఒక్క తాత పేరు దొరక్క దిక్కులు చూస్తోంది.

దేవయ్యకు నొప్పి మళ్లీ వచ్చింది. చీపురు పక్కన పెట్టి, కొండ నీడలోని చివరి రాయి చూపించాడు.

"గిదే సార్ మీ తాతది. పన్నెండేండ్ల సంది ఊడుస్తున్న, నాకెరుక లేదా?"

ఆ గోరీ పొడవు ఒక పసిబిడ్డకు సరిపోయేంతే. జువేరియా గోరీని చూసింది, దేవయ్యను చూసింది, ఆ మాటను రెప్ప వేయకుండా ఇంగ్లీషులో అప్పగించింది. దొర మోకరించి వెక్కి వెక్కి ఏడ్చాడు. సంచిలోంచి, రాసిన అట్టముక్క ఒకటి కట్టిన గుండ్రని పూలదండ తీసి రాయికి ఆనించాడు.

ఏడ్వనియ్యి, అనుకున్నాడు దేవయ్య. గింత దూరమొచ్చి ఎవల పిల్లకో ఏడ్సిండు, పుణ్యమన్న వస్తది.

అఖీల్ పడవ అంచు మీద కాగితం పరిచి సంతకం చేశాడు. నాలుగో రోజు దేవయ్య హైదరాబాద్ విమానంలో, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఇంటికి పోయాడు. ఎవరూ సాగనంపలేదు.

వారానికి పూలు ఎండి, రాలి, గాలికి పోయాయి. దండకు కట్టిన అట్టముక్క మాత్రం ఆ పొట్టి రాయిని అంటుకునే ఉంది. ఏడింటిలోనూ పేరున్నది దానికొక్కదానికే, ఒక కెప్టెన్ పేరు.