హెలెన్ గొంతు

షఫీక్ గుంటూరులో ఒక ఆరోగ్య సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోవడం ఆ సంస్థ పని. ఫోన్ చేసేది మనుషులు కాదు, కంప్యూటరు. ఎత్తగానే రికార్డు చేసిన గొంతు పలకరిస్తుంది. మాత్ర వేసుకుంటే ఒకటి, వేసుకోకపోతే రెండు నొక్కాలి. రెండు నొక్కినవాళ్ల ఇంటికి ఊళ్లో ఆరోగ్య కార్యకర్త వెళ్తుంది. వేలమందికి ఒకేసారి ఫోన్లు వెళ్లేలా ఆ ప్రోగ్రామంతా రాసింది షఫీకే.

గొంతు మాత్రం హెలెన్‌ది. పొదిలి నుంచి వచ్చి, అతని తర్వాత చాలా కాలానికి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. రికార్డింగుకు రావలసిన మనిషి రాకపోతే, "నేను చదవనా సార్?" అని మైకు ముందు కూర్చుంది. రాసిచ్చిన కాగితం పక్కన పెట్టేసి, "ఏమండీ, బాగున్నారా? నేను హెలెన్‌ని. టిఫినైందా? మరి మాత్ర వేసుకున్నారా, మర్చిపోయారా?" అంది.

ఊళ్లలో అందరికీ ఆ పలకరింపు నచ్చింది. ఆఫీసు మీటింగులో మేనేజరు సంజీవరావు, "మన ప్రాజెక్టుకు ప్రాణం హెలెనే" అన్నాడు. అందరితోపాటు షఫీక్ కూడా చప్పట్లు కొట్టాడు. టీమ్ లీడ్ పదవి తనదేనని అప్పటిదాకా అనుకుంటున్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

ఆదివారం సొంతూరు సత్తెనపల్లి వెళ్లాడు. తల్లి లాల్‌బీకీ బీపీ ఉంది. ఆమె పొలానికి బయల్దేరబోతుండగా ఫోన్ మోగింది. స్పీకరులో హెలెన్.

"వేసుకుంటాలే తల్లీ. నువ్వు తిన్నావా?" అంటోంది లాల్‌బీ.

"అది రికార్డమ్మా. నీ మాట దానికి వినపడదు."

"తెలుసులేరా. అంత ప్రేమగా అడుగుతుంటే ఊరుకోమంటావా?"

"ఆ ఫోన్ చేయించేది నా ప్రోగ్రామే."

"అవునా? మంచిది. ఇంతకీ ఆ పిల్లది ఏ ఊరు?"

కన్నతల్లి కూడా ఆ పిల్ల పక్షమే. గుంటూరు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన.

తర్వాతి వారం ఒక ప్రతిపాదన పెట్టాడు. మనిషి గొంతుతో అయితే మాట మార్చాలన్న ప్రతిసారీ మళ్లీ రికార్డు చేయాలి, కంప్యూటరు గొంతు పెడితే క్షణంలో పని. చెప్పింది అబద్ధమేమీ కాదు. "ముందు ఊళ్లో వాళ్లనొకసారి అడిగితే బాగుంటుందేమో సార్" అంది హెలెన్. అవసరం లేదన్నాడు షఫీక్. సత్తెనపల్లి చుట్టుపక్కల పెట్టి చూడమన్నాడు సంజీవరావు.

నెల తిరిగేసరికి ఒకటి నొక్కేవాళ్లు ఇంకా పెరిగారు. సంజీవరావు భుజం తట్టాడు. హెలెన్ ముఖం చిన్నబోవడం షఫీక్ కళ్లారా చూశాడు. కడుపు నిండినట్టయింది.

ఆ సంతోషంలో ఉండగానే తండ్రి అలీ సాహెబ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ అమ్మ మిరప చేలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం, రా."

షఫీక్ వెళ్లేసరికి లాల్‌బీకి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. బీపీ బాగా పెరిగిందని, మాత్రలు ఆపేసినట్టుందని డాక్టరు చెప్పింది.

"రోజూ ఒకటి నొక్కుతున్నావుగా అమ్మా?"

"నొక్కకపోతే మళ్లీ మళ్లీ మోగుద్ది కదరా. ఆ పిల్ల మానేసిందంటగా. ఈ కొత్తది బస్టాండులో మైకులాగా అరుస్తది. ఒకటి నొక్కేసి పనిలో పడతా."

"ఆ అమ్మాయి మానెయ్యలేదు. నేనే తీయించా."

"ఎందుకురా?"



మర్నాడు మీటింగులో లేచి నిలబడ్డాడు. "ఆ అంకెలు నమ్మొద్దు సార్. మా అమ్మ రోజూ ఒకటి నొక్కింది, మాత్ర మాత్రం వేసుకోలేదు. ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారో. హెలెన్ చెప్పినట్టు ముందే అడగాల్సింది." ఆ వారమే హెలెన్ గొంతు మళ్లీ పెట్టారు. ఒకటి నొక్కినవాళ్ల ఇళ్లకు కూడా అప్పుడప్పుడు వెళ్లి చూడాలని నిర్ణయించారు. లీడ్ పదవి హెలెన్‌కి వచ్చింది. షఫీక్ అభినందించాడు. లోపల మంట మాత్రం చల్లారలేదు.

"మీ అమ్మగారిని చూడ్డానికి రావచ్చా సార్?" అని హెలెనే అడిగింది. వద్దనడానికి సాకు దొరకలేదు.

అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిన లాల్‌బీ ఆమెను గుమ్మంలోనే పట్టుకుంది. "నువ్వేనా అమ్మా? గొంతు విని పెద్దదానివనుకున్నా. ఇంత బక్కగా ఉన్నావేంటి!" అంటూ మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. షఫీక్ వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. లోపలి నవ్వులు వింటుంటే అతనికి ఒళ్లు మండింది.

కాసేపటికి నవ్వులు ఆగాయి. హెలెన్ మెల్లగా అడిగింది. "నిజం చెప్పండి పెద్దమ్మా. మాత్ర ఎందుకు వేసుకోలేదు?"

"అది వేసుకుంటే మాటిమాటికీ ఒంటికెళ్లాలమ్మా. చేలో అంతమంది మగవాళ్ల మధ్య ఆడదాన్ని ఎక్కడికి పోను? నీ ఫోన్ వచ్చినప్పుడైతే, నీకు మాటిచ్చానే అని పని నుంచి వచ్చాకైనా వేసుకునేదాన్ని."

"వేరే మాత్ర ఉంటుందేమో, డాక్టరుగారిని అడుగుదాం."

షఫీక్ లేచి లోపలికి వచ్చాడు. "ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడు అడిగావురా?"

హెలెన్ చూపు తిప్పుకుంది. అప్పటికీ ఆమె మీద అసూయ పోలేదు. అయినా షఫీక్ కుర్చీ లోపలికి లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు అడుగుతున్నా. చెప్పు."

"చెప్తాలే. ముందా పిల్లకి మంచినీళ్లియ్యి" అంది లాల్‌బీ.