అత్తగారు కొలతలు తీసిన బైండర్లు

రికార్డు గదికి అరవై కొత్త బైండర్లు వచ్చాయి, అన్నీ ఒకే కొలత. కాగితాలు మాత్రం దేని దారి దానిదే. ఇంటి ప్లాన్లు బారెడు, రసీదులు అరచేయంత, తగాదా ఫైళ్లు దిండంత లావు. "పట్టనివి మడిచి తోసెయ్యమ్మా," అన్నాడు మేనేజరు. ఆయనకేం, మడత దగ్గర ప్లాను చిరిగితే చీవాట్లు తినేది గుమస్తా. ఆమె ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నెలాఖరు తనిఖీ తర్వాత ఆయన రాసే నాలుగు ముక్కల మీదే అదంతా ఆధారపడి ఉంది.

ఆ దిగులుతో ఒక బైండరు ఇంటికి తెచ్చింది. ఆమె అత్తగారు ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. చూపు మందగించిందని కొడుకు కుట్టుమిషను మూలకు తోయించాక, ఏమీ తోచక కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"దీనికి వీపు బిగుతైంది," అంది బైండరు తిప్పి చూసి. "విప్పి, మధ్యలో ముక్క వేస్తే సరి. నీ కాగితాల కొలతలు పట్రా."

కోడలు రోజూ కొన్ని తెచ్చిన బైండర్లలో ప్లాన్లకు పొడుగాటి జేబులు, రసీదులకు బుల్లి అరలు కుట్టింది. తగాదా ఫైళ్లకైతే వీపు దగ్గర రెండు వేళ్ల మడత లోపలికి వదిలింది. "ఇవి ఎదిగే పిల్లల్లాంటివే. రేపు లావెక్కితే విప్పుకోవచ్చు." కోడలు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది, అంతే.

ఆఫీసులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎవరు చేశారని మేనేజరు అడిగితే, కోడలి నోట "నేనేనండీ" అని వచ్చేసింది.

తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు మురిసిపోయాడు. "ఒకటి నా ముందు కుట్టి చూపించమ్మా. అన్ని ఆఫీసుల్లోనూ పెట్టిద్దాం."

కోడలికా కుట్టు రాదు. బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకునే రకం. "మిషను ఇంట్లో ఉందండీ," అని తప్పించుకోబోయింది. మేనేజరు ఉత్సాహంగా బండి పంపించాడు. మిషనుతో పాటు అత్తగారూ దిగింది. కోడలి మొహం చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది.

"చేసేదంతా మా అమ్మాయేనండీ. నేను దారం ఎక్కిస్తానంతే," అని సూది తీసుకుంది.

దారాన్ని సూదికి అటొకసారి, ఇటొకసారి, గాల్లో ఒకసారి పొడిచింది. అది బెజ్జం ఛాయలకు కూడా పోలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి గాని పట్టు వదల్లేదు.

తన కోసం ఈ పెద్దావిడ పదిమందిలో నవ్వులపాలవుతోందని కోడలికి సిగ్గు ముంచుకొచ్చింది. సూది అందుకుని ఒక్కసారికే దారం ఎక్కించింది.

"నాకొచ్చింది ఇదొక్కటేనండీ," అంది. "కొలతా కుట్టూ మా అత్తగారివి. నేను అబద్ధం చెప్పాను."

మేనేజరు మొహం మాడిపోయింది. ఆఫీసరు ఏదో అనబోయాడు.

"తర్వాత తిడుదురు గానీ, ముందు ఆ లావు ఫైలు ఇలా తెండి," అంది అత్తగారు, మిషను ముందు కూర్చుంటూ. ఆఫీసరే రెండు చేతులా మోసుకొచ్చాడు.

పర్మినెంటు ఆరు నెలలు వాయిదా పడింది. బైండర్ల పని మాత్రం అత్తగారి పేరు మీదే వచ్చింది. ఆ ఉత్తర్వులో కింద చిన్న అక్షరాలతో "సహాయకురాలు: కోడలు" అని ఉంది. అత్తగారికి అక్షరాలు ఆనలేదు. కోడలు మూడుసార్లు చదివి వినిపించింది.

"పైన నా పేరున్న చోటు మళ్లీ చదువు," అంది అత్తగారు.

కోడలు నాలుగోసారీ చదివింది.