ఇంకిపోయిన నూనె

పిసీలా భుజం మీద మెరుపు పోయింది.

ముందుగా చూసింది లెసియేలి. అందరికంటే ముందు చూడవలసింది కూడా ఆమే. నాట్యం ఆడుతున్నది ఆమె తమ్ముడి కూతురు. ఒంటికి పూసిన నూనె ఆమె చేతిది.

చర్చి కొత్త హాలు ప్రారంభం ఆ రోజు. ఊరు ఊరంతా చాపల మీద కూర్చుని ఉంది. పాట మొదలై పది నిమిషాలైనా కాలేదు. మామూలుగానైతే ఈపాటికి నూనె మోచేతుల నుంచి చుక్కలు కట్టాలి, వేళ్లు కదిపినప్పుడల్లా చేతులు తళుక్కుమనాలి. పిసీలా వేళ్లు చక్కగానే కదులుతున్నాయి. తల వాల్చడంలో, మోకాళ్లు వంచడంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ చేతులు ఇప్పుడే సబ్బుతో కడిగి తుడిచినట్టు పొడిగా ఉన్నాయి.

పాస్టరు గారి భార్య లేచి వెళ్లి, ఆనవాయితీ ప్రకారం నూనె తడికి అతుక్కునేలా పిల్ల భుజానికి ఓ కానుక నోటు అంటించింది. అది జారి కింద పడింది. నవ్వుతూ తీసి మళ్లీ అంటించింది. మళ్లీ పడింది. ఈసారి నవ్వలేదు.

లెసియేలి వెనక గుసగుసలు మొదలయ్యాయి.

"ఏమిటే, పిల్ల ఒంటి మీద నూనె నిలవట్లేదు?"

"లెసియేలి అక్క నూనె కదా అది. దానికి వంక పెట్టేవాళ్లెవరు?"

"అయితే వంక ఎక్కడుందంటావ్?"

"నన్నడుగుతావేం? పిల్లనడుగు."

కిసుక్కున నవ్వులు. ఆ నవ్వుకి అర్థం ఈ దీవుల్లో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. కన్నెపిల్ల ఒంటి మీద నూనె నిలిచి మెరుస్తుంది. మగవాణ్ణి ఎరిగిన ఒళ్లు నూనెని తాగేస్తుంది.

పిసీలా తల్లి లవీనియా నాలుగు వరసల ముందు కూర్చుని ఉంది. ఆమె మెడ నెమ్మదిగా కిందికి వాలడం లెసియేలి చూసింది. తండ్రి వైనికోలో మగవాళ్ల మధ్య నుంచి లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

లెసియేలి నోరు విప్పితే చాలు. ఒక్క వాక్యం.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అసలు జరిగింది ఇదీ. వవావు దీవిలో పన్నెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. లెసియేలి నూనెకి ఎండ కావాలి. ముదురు కొబ్బరికాయలు కోరి, చెక్కతొట్టిలో పోసి, ఎండలో పెట్టి, రోజూ చేత్తో పిసుకుతూ ఉంటే వారానికి నూనె పైకి తేలుతుంది. దాన్ని కొబ్బరి పీచులో వడకట్టి, మొహోకోయి పూలు, గంధపు చెక్క పొడి వేసి మళ్లీ ఎండబెట్టాలి. ఆమె తల్లి అలాగే చేసింది. చుట్టుపక్కల మూడు ఊళ్ల పెళ్లికూతుళ్లు లెసియేలి నూనె పూసుకునే గడప దాటారు.

ఈసారి తొట్టిలో కోరు పులిసిపోయింది. మూత తీస్తే కంపు.

దారులు లేకపోలేదు. పాలు పిండి పొయ్యి మీద కాస్తే సాయంత్రానికి నూనె వస్తుంది. ఊళ్లో సగం మంది చేసేది అదే. కానీ "పొయ్యి నూనె చేపలు వేయించుకోడానికే" అని ఇరవై ఏళ్లుగా వాళ్లని వెక్కిరిస్తూ వచ్చింది లెసియేలి. పక్కింటి ముసలి ఫూసిని ఓ సీసా అడిగినా ఇచ్చేది. అడగడమా, ఫూసినా?

బస్సెక్కి పట్నం వెళ్లింది. కొట్లో నాలుగు సీసాలు కొంది. మీద కొబ్బరికాయ బొమ్మ ఉంది, అంతే చూసింది. తన పూలు, తన గంధం వేసి రెండు రోజులు నానబెట్టి, తన పాత సీసాలోకి వంపింది. వాసన అచ్చం తన నూనె వాసనే.

హాలు నుంచి ఇంటికొచ్చాక చెత్తలోంచి ఆ ఖాళీ సీసాల్లో ఒకటి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంది. చర్మంలోకి ఇట్టే ఇంకిపోతుంది. జిడ్డు మిగలదు.

పట్నం ఆడవాళ్లు ఏరికోరి కొనుక్కునే గుణం అది. అదే ఇక్కడ ఓ పిల్ల పరువు తీసింది.

మర్నాడు ఆదివారం. చర్చిలో పిసీలా కనబడలేదు. మధ్యాహ్నం లవీనియా వచ్చి, ఒళ్లో కొత్త చాప పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నీ నూనెకి మచ్చ తెచ్చాం వదినా," అంది. "ఈ చాప తీసుకో. మమ్మల్ని క్షమించానని ఒక్క మాట అను."

లెసియేలి చాప అందుకోలేదు. "పిల్ల ఏమంటోంది?"

"బైబిలు మీద చెయ్యేసి చెప్పింది, తను ఏ తప్పూ చెయ్యలేదని. వాళ్ల నాన్న ముందు ఒకసారి, నా ముందు ఒకసారి." లవీనియా చాప అంచు నలుపుతోంది. "నమ్మాననే అన్నాను. అన్నానే గానీ, అది పడుకున్నాక పక్కన కూర్చుని దాని చేతులే చూశాను. కన్నతల్లిని. ఎంత పాపిష్టిదాన్ని!"

"లవీనియా..."

"నువ్వు చెప్పు వదినా. నీ నూనె ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

ఇంతకంటే మంచి అదను రాదని లెసియేలికి తెలుసు. ఊపిరి పీల్చుకుంది. నోరు తెరిచింది.

"వానలు కదా. కాస్త పలచగా వచ్చిందేమో."

లవీనియా ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చెయ్యి అందుకుని కళ్లకద్దుకుంది. "పిల్లని కాపాడాలని నీ నూనెనే తక్కువ చేసుకుంటున్నావా? నీ మంచితనం ఎవరికొస్తుంది!"

ఆ చెయ్యి లాక్కోవాలనిపించింది లెసియేలికి. లాక్కోలేదు.

లవీనియా లేస్తూ చెప్పింది. "రేపు మధ్యాహ్నం పడవకి పంపించేస్తున్నారు. నియువా దీవిలో ఆయన పెదనాన్న దగ్గరికి. ఊరి నోళ్లు మూతపడేదాకా అక్కడే ఉంటుంది. పెట్టె సర్దుకోమంటే కిక్కురుమనకుండా సర్దుకుంది."

నియువాకి నెలకొక్క పడవ. ఈ మచ్చతో వెళ్లిన ఆడపిల్ల మళ్లీ మచ్చ లేకుండా తిరిగి రావడం లెసియేలి ఎప్పుడూ చూడలేదు.

మేనత్త మాటంటే ఆ ఇంట్లో చివరి మాట. వెళ్లొద్దంటే పిసీలా వెళ్లదు. ఆ ఉపాయం తోచగానే లెసియేలికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల ఊళ్లో ఉంటుంది, సరే. ఏ మొహంతో ఉంటుంది?

సోమవారం పొద్దెక్కాక, మిగిలిన నూనె సీసా బట్టల్లో దాచుకుని చాపలల్లే పాకకి వెళ్లింది. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని అల్లుతున్నారు. ముసలి ఫూసి ఒళ్లో ఎనిమిది నెలల మనవరాలు లోసే నోట్లో వేలేసుకుని ఉంది. లెసియేలి గుమ్మంలోకి వచ్చేదాకా నవ్వులు వినబడుతూనే ఉన్నాయి.

"రా రా," అంది ఫూసి. "నీ మేనకోడలి సంగతి విని అందరం బాధపడుతున్నాం."

"బాధపడుతూ బానే నవ్వుతున్నారు."

"ఓసోసి! నోరు మాత్రం తగ్గలేదు."

లెసియేలి సీసా తీసి చాప మీద పెట్టింది. "ఫూసీ, నీ మనవరాలి చెయ్యి ఇలా ఇవ్వు. నీ నూనె కూడా తియ్యి."

"నా పొయ్యి నూనా? చేపలేమైనా తెచ్చావా వేయించడానికి?"

పాకంతా గొల్లున నవ్వింది. లెసియేలి చెవులు కాలిపోయాయి. "తియ్యవే," అంది మెల్లగా.

ఫూసి ఇచ్చిన నూనెని లెసియేలి పిల్ల కుడిచేతికి పూసింది. తను తెచ్చిన సీసాలోది ఎడమచేతికి పూసింది. లోసే రెండు చేతులూ ఆడిస్తూ కేరింతలు కొట్టింది. అందరూ మెడలు సాచారు.

కాసేపు గడిచింది. కుడిచెయ్యి నిగనిగలాడుతూనే ఉంది. ఎడమచెయ్యి క్రమంగా పొడిబారింది.

"ఇప్పుడు చెప్పండి," అంది లెసియేలి. "ఈ ఎనిమిది నెలల పిల్ల ఎవడితో తిరిగిందో!"

ఎవరో ఒకామె ముందు నవ్వింది. తర్వాత అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఫూసి నవ్వలేదు. సీసా మూత తీసి వాసన చూసింది. వేళ్ల మధ్య రాసి చూసింది.

"పూలు నీవి," అంది. "నూనె ఎవరిదే?"

"కొట్లో నూనె. నాలుగు సీసాలు కొన్నాను. వానకి నాది పాడైపోయింది. పాడైందని మీకు చెప్పడానికి నామోషీ వేసింది. శనివారం మీరు నవ్వుతుంటే వింటూ కూర్చున్నాను. నిన్న దాని తల్లి నాకు క్షమాపణ చెప్పింది. అదీ విన్నాను."

నవ్వులు తెగిపోయాయి. ఒకామె తన కూతుర్ని చూసింది. మొన్న వేసవిలో పెళ్లయిన పిల్ల అది. "అక్కా, మరి మా దానికి ఇచ్చింది?"

"అది నాదే. ఒట్టు."

ఆమె చూపు కూతురి మీదే ఉంది. నమ్మలేదని లెసియేలికి తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా ఇచ్చిన ప్రతి సీసా గురించీ ఇక ఇలాగే అడుగుతారు.

"పడవ ఎన్నింటికి?" అంది ఫూసి లేస్తూ. మనవరాల్ని చంకనేసుకుంది. "పదండే. అందరూ నవ్వారుగా, అందరూ రండి."

రేవులో అప్పటికే బస్తాలు ఎక్కిస్తున్నారు. పిసీలా పడవలో, పెట్టె మీద కూర్చుని ఉంది. ఒడ్డున లవీనియా, వైనికోలో. ఆడవాళ్ల గుంపుని చూసి వైనికోలో మొహం గంటు పెట్టుకున్నాడు. ఎగతాళికి వచ్చారనుకున్నాడు.

లెసియేలి ఉపోద్ఘాతాలు పెట్టుకోలేదు. పడవలో పిల్లకి వినబడేలా, రేవులో కూలీలకి కూడా వినబడేలా మొత్తం చెప్పింది. ఆదివారం సంగతి కూడా దాచలేదు.

వైనికోలో సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కని పల్లెత్తు మాట అనడానికి లేదు. ఆ దీవుల్లో ఏ తమ్ముడికీ లేదు. అతని మెడ నరాలు మాత్రం బిగిశాయి. పిసీలా దిగి వచ్చింది. వచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"శనివారం నేను ఆడుతున్నప్పుడే నీకు తెలుసా అత్తా?"

"నూనె సంగతి తెలుసు."

"నేను నీ వైపే చూశాను. నువ్వు తల దించుకున్నావు. నువ్వు కూడా నన్ను అనుమానిస్తున్నావనుకున్నా."

పిల్ల అత్తకి వీపు తిప్పింది. తండ్రి దగ్గరికి వెళ్లి నిలబడింది.

అప్పుడు లవీనియా ముందుకొచ్చింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆడబిడ్డ ముందు ఆమె గొంతు పెంచింది లేదు.

"సిగ్గులేదూ నీకు?" అంది. "నీ చెయ్యి కళ్లకద్దుకున్నానే! ఆ చెయ్యి ఎలా ఇచ్చావు నాకు?"

"లవీనియా!" వైనికోలో కంగారుగా వెనక్కి తిరిగాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకో!"

"మాట్లాడనీ," అంది లెసియేలి.

"నా కూతుర్ని నేనే అనుమానించేలా చేశావు. దాని చేతులు దీపం పెట్టి చూశాను. అది నిద్రపోలేదు, తెలుసా? కళ్లు మూసుకుని ఊరుకుంది. నేను చూస్తున్నానని దానికి తెలుసు. ఆ రాత్రిని దాని మనసులోంచి ఎవరు చెరుపుతారిప్పుడు? నువ్వు చెరుపుతావా?"

పడవ కూత వేసింది. పిసీలా పెట్టె కిందికి దించారు. కూలీలు పని ఆపి చూస్తున్నారు. ఫూసి అందర్నీ వెళ్దాం రండని సైగ చేసింది గానీ ఎవరూ కదల్లేదు.

లవీనియా ఇంకా అంటూనే ఉంది. లెసియేలి ఎండలో తల వంచుకుని నిలబడి, ఒక్క మాట కూడా జారిపోకుండా విన్నది.